ట్విస్ట్ చెప్పేస్తున్నాను

ఈ వ్యాసంలో మూడు సినిమాల ముగింపులు చెప్పేస్తాను. కావాలనే. స్పాయిలర్ అలర్ట్ అని రాసి పక్కకి తప్పుకునే మర్యాద ఒకప్పుడు నాకూ ఉండేది. అదెలా పోయిందో ముందు చెప్పాలి.

కొన్నేళ్ళ కిందట నలుగురైదుగురు స్నేహితులం ఒక రూములో కూర్చుని 'ఓల్డ్‌బాయ్' చూశాం. పార్క్ చాన్-వుక్ 2003లో తీసిన కొరియన్ సినిమా. నేను అప్పటికే రెండుసార్లు చూశాను. ప్లే నొక్కబోతుంటే మాలో ఒకమ్మాయి అడిగింది, "ఇందులో ఇంట్లోవాళ్ళు పిల్లల్తో... అలాంటిదేమైనా ఉందా?" అని. "చెప్తే మజా పోతుంది, చూడు" అన్నాను. గొప్పగా అన్నాను. చివరి అరగంటలో ఆమె లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయింది. మేమెవరం స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పలేదు. తర్వాత ఆమె ఆ సంగతి ఎత్తలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో కొంచెం తెలుసు కాబట్టే అడగలేదు.

చూడనివాళ్ళ కోసం కథ. ఓ దే-సూ అనే మనిషిని ఎవరో 15 ఏళ్ళు ఒక గదిలో బంధించి వదిలేస్తారు. బయటికొచ్చాక మి-దో అనే అమ్మాయి పరిచయమవుతుంది, ఇద్దరూ ఒకటవుతారు. ఆమె అతని కూతురు. అది ఇద్దరికీ తెలియదు. హిప్నాటిజం చేయించి మరీ వాళ్ళిద్దర్నీ కలిపినవాడు లీ వూ-జిన్, దే-సూ చదివిన స్కూల్లోనే చదివినవాడు. వూ-జిన్‌కి సొంత అక్కతో ఉన్న సంబంధాన్ని అప్పట్లో దే-సూ చూశాడు, ఒక స్నేహితుడి చెవిన వేశాడు. పుకారు పాకింది. ఆ అక్క ప్రాణం తీసుకుంది. దానికి ఈ పగ.

ఇప్పుడు ఈ కథలో నేరం ఏమిటో చూడండి. నోరు జారడం. శిక్ష పడింది చెప్పినవాడికి. చివరికి దే-సూ తన నాలుక తనే కోసుకుంటాడు, మి-దో ముందున్న పెట్టె మాత్రం తెరవనివ్వొద్దని కాళ్ళావేళ్ళా పడతాడు. పెట్టె తెరుచుకోదు. ఆ తర్వాత మంచులో ఆమె అతన్ని కౌగిలించుకుంటుంది, ప్రేమిస్తున్నానంటుంది. ఆమెకి ఇంకా ఏమీ తెలియదు. రహస్యం ఎవరి ఒంటి మీద, ఎవరి బతుకు మీద జరిగిందో ఆ మనిషికి తప్ప, టికెట్ కొన్న ప్రతివాడికీ తెలుసు.

"పార్క్ దాన్ని సమర్థించాడా ఏంటి? భయంకరంగా ఉందని చూపించాడు కదా" అంటారు. నిజమే. ఆఖరి షాట్‌లో చోయ్ మిన్-సిక్ ముఖం నవ్వులోంచి ఏడుపులోకి జారడం నేనూ మర్చిపోలేను. కానీ కెమెరా ఉన్నది అతని ముఖం మీద. మి-దో ముఖం అతని భుజంలో దాక్కుని ఉంది. 2004లో కాన్‌లో గ్రాండ్ ప్రీ ఇచ్చారు దీనికి. కారిడార్‌లో సుత్తి ఫైట్ గురించి మనవాళ్ళు పేజీలు పేజీలు రాశారు, నేను కూడా రాశాను. మి-దో గురించి ఎంత రాశాం?

మనకి దగ్గర్లోకి వద్దాం. 2024లో వచ్చిన 'మహారాజ' తమిళ సినిమా అయినా తెలుగులో మనమంతా చూశాం. బాగా అల్లిన స్క్రీన్‌ప్లే, విజయ్ సేతుపతి గురించి చెప్పక్కర్లేదు. ట్విస్ట్ ఏమిటంటే, పగతో వచ్చిన సెల్వం తన మనుషులతో పాడుచేయించిన అమ్మాయి, వాడు కన్న కూతురే. ఆ అమ్మాయి వచ్చి వాడికి ఎదురుగా నిలబడే సన్నివేశం ఉంది, ఆ మేరకు దర్శకుడు నితిలన్ సామినాథన్‌ని మెచ్చుకోవాలి. కానీ కథ మొత్తం బిగించుకుంటూ వచ్చింది ఎక్కడికి? వాడి గుండె పగిలే క్షణానికి. "అయ్యో, నా కూతురా!" దగ్గర మనం హాహాకారాలు చేశాం. అంటే పక్కింటివాళ్ళ కూతురైతే వాడికి నిద్ర పట్టేదన్నమాట. ఆడపిల్ల మీద జరిగిన నేరాన్ని తండ్రికి పడిన శిక్షగా లెక్క కట్టే ఈ పద్ధతి మన పురాణాలంత పాతది. దానికి కొత్త పేరు ట్విస్ట్.

ఇలాంటి సినిమాలన్నీ ఒక అబద్ధం మీద నిలబడ్డాయని నా అభియోగం. ఇంట్లో ఎవరికీ తెలియని రహస్యం ఒకటుందనీ, అది చివర్లో బద్దలవుతుందనీ, బద్దలయ్యాక ఇల్లు మునుపటిలా ఉండదనీ. జరిగేది అది కాదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ఒక అధ్యయనం ప్రచురించింది, మన రాష్ట్రం కూడా అందులో ఉంది. అడిగిన పిల్లల్లో 53 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక హింసకి గురయ్యామన్నారు. చేసినవాళ్ళలో సగం మంది పిల్లలకి తెలిసినవాళ్ళు, నమ్మకంగా చుట్టూ తిరిగేవాళ్ళు. ఇన్ని ఇళ్ళలో పెద్దలెవ్వరికీ ఏమీ తెలియదంటే నేను నమ్మను. పిల్ల ఆ మావయ్య దగ్గరికి ఎందుకు వెళ్ళదో అమ్మకి తెలుసు. పెళ్ళిళ్ళలో ఆయన పక్కన ఎవర్ని కూర్చోబెట్టకూడదో అత్తకి తెలుసు. తెలిసీ పోలీసులకి చెప్పకపోతే నేరమని 2012 నాటి పోక్సో చట్టంలోనే ఉంది. అయినా వడ్డన ఆగదు.

వడ్డన ఆగకపోవడాన్నే మొత్తం సినిమాగా తీసినవాడు థామస్ వింటర్‌బెర్గ్. 'ఫెస్టెన్', డెన్మార్క్, 1998. హెల్గె అనే పెద్దమనిషి 60వ పుట్టినరోజు. చుట్టాలంతా వచ్చారు. కొడుకు క్రిస్టియన్ లేచి గ్లాసు మోగించి, చిన్నప్పుడు తననీ, తన కవల చెల్లెలు లిండానీ నాన్న స్నానానికి ముందు ఏం చేసేవాడో మామూలు గొంతుతో చెప్తాడు. లిండా ఈమధ్యే ఆత్మహత్య చేసుకుంది. ఇదంతా సినిమా మొదటి సగంలోనే. దాచి చివర్లో మన మీదికి విసరడానికి దర్శకుడి జేబులో ఏమీ మిగల్లేదు.

మిగిలింది భోజనం. ఒక నిమిషం నిశ్శబ్దం, తర్వాత చెంచాల చప్పుడు. ఎవరో జోకు వేస్తారు. విందు నడిపే పెద్దమనిషి తర్వాతి వక్తని పిలుస్తాడు. తల్లి లేచి, నా కొడుక్కి చిన్నప్పట్నుంచీ ఊహలెక్కువ, నాన్నకి క్షమాపణ చెప్పు అంటుంది. నువ్వు తలుపు తీసి చూశావు కదా అంటాడు వాడు. తమ్ముడు వాడిని బయటికి ఈడ్చుకెళ్ళి చెట్టుకి కట్టేస్తాడు. లోపల తాగుడూ పాటలూ. చేతిలో పట్టుకుని తిప్పే కెమెరా, బయటినుంచి తెచ్చి కలిపిన సంగీతం లేదు, డాగ్మా నియమాలు కదా. ఎక్కడ భయపడాలో వయొలిన్ వచ్చి చెప్పదు. నాకు ఓల్డ్‌బాయ్‌లో ఒక్కసారి గుండె ఆగింది. ఇక్కడ ఒకావిడ నాప్‌కిన్‌తో మూతి తుడుచుకుంటుంటే ఒళ్ళు జలదరించింది.

ట్విస్ట్ లేకపోతే థ్రిల్లర్ ఎలా అవుతుందని అడిగేవాళ్ళు ఒకటి గుర్తు చేసుకోవాలి. ఏథెన్స్‌లో సోఫోక్లిస్ 'ఈడిపస్' చూడ్డానికి కూర్చున్నవాళ్ళకి ఆ కథ ముందే తెలుసు. తండ్రిని చంపాడనీ, తల్లిని పెళ్ళాడాడనీ తెలిసే వచ్చారు. తెలిసినా ఊపిరి బిగబట్టారు.

అందుకే "స్పాయిల్ చెయ్యకు" అని ఎవరైనా వేలు పెదాల మీద పెట్టుకున్నప్పుడల్లా నాకు ఒక ఇల్లు గుర్తొస్తుంది. హత్య ఎవరు చేశారన్నది దాచండి, తప్పేం లేదు. ఒక పిల్ల మీద ఏం జరిగిందన్నది మాత్రం మన సరదా కోసం దాచిపెట్టే సర్‌ప్రైజ్ గిఫ్ట్ అయితే, "ఈ మాట గడప దాటకూడదు" అనే ఆ ఇంటి పెద్దకీ మనకీ తేడా ఎంత?

ఆ బాల్కనీలోకి వెళ్ళిన స్నేహితురాలికి పోయిన నెల ఫోన్ చేశాను. పాత సంగతి ఎత్తలేదు, ఎత్తే హక్కు నాది కాదనిపించింది. ఫెస్టెన్ కథ మొత్తం, చివరి పొద్దున టిఫిన్ల దగ్గర తండ్రిని టేబుల్ మీంచి లేచి వెళ్ళమనే దాకా చెప్పాను. చూడాలో వద్దో నీ ఇష్టం అన్నాను. విని "సరే" అంది. వారం తర్వాత మెసేజ్ వచ్చింది. చుట్టాలెవరూ ఇంటికి పారిపోకుండా, కూర్చుని మొత్తం వినేలా, వాళ్ళ కారు తాళాలన్నీ దాచేయిస్తాడు ఒక వంటవాడు. అతని పేరేంటని అడిగింది.

కిమ్ అని రాశాను.