మా విమానం బరువు 640 గ్రాములు



కొంచెం పెద్ద పోస్ట్, ఓపికగా చదవండి. డ్రోన్లు, రిమోట్ విమానాల రూల్స్ గురించి రాస్తున్నా. "మనకెందుకబ్బా ఇవన్నీ" అనుకునేవాళ్ళు ముఖ్యంగా చదవాలి.

మాది కొలిమిగుండ్ల మండలం, బెలుం గుహల దగ్గర తండా. మా నాయన నాపరాయి గనిలో కూలి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. నంద్యాలలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. పోయిన ఉగాది సెలవుల్లో నేను, నా రూమ్మేట్ కలిసి ఫోమ్ షీట్ తో ఒక రిమోట్ విమానం చేసినాం. స్కాలర్‌షిప్ డబ్బుల్లో మిగిల్చుకొని మోటారు, బ్యాటరీ, రిమోట్ ఆన్‌లైన్లో తెప్పించినాం. కెమెరా లేదు. శనగ కోసేసిన ఖాళీ చేనులో ఎగరేసినాం. రెండు సార్లు ముక్కు నేలకి గుద్దింది. మూడోసారి లేచింది. తండా పిల్లలంతా దాని నీడ వెంట ఉరికినారు.

అప్పుడే ఒక యూనిఫాం ఆయన బండి ఆపినాడు. ఏ శాఖో, ఎవరో ఇక్కడ రాయను. ఆయన అడిగిన మొదటి మాట: "ఏ తండారా మీది? దొంగతనాలకి దారులు చూస్తున్నారా దీంతో?" విమానం, రిమోట్ రెండూ తీసుకొని పోయినాడు. కాగితం ఏమీ ఇయ్యలేదు. రెండు రోజులు తిరిగినాం. మూడో రోజు మా నాయన పని మానుకొని వచ్చి చేతులు కట్టుకొని నిలబడితే ఇచ్చినారు. రెక్క విరిగింది. నాకు దానికి బాధ లేదు, మా నాయన నిలబడిన తీరుకి బాధ.

1871లో బ్రిటిష్‌వాళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి మనలో ఎన్నో తెగల్ని పుట్టుకతోనే దొంగలని రాసుకున్నారు. 1952లో ఆ చట్టం పోయింది. ఆ చూపు ఇంకా పోలేదు.

హాస్టల్ కి వచ్చినాక కోపంతో రూల్స్ వెతికినా. డ్రోన్ రూల్స్ 2021 అని ఉన్నాయి, ఆ ఏడాది ఆగస్టు 25న వచ్చినాయి. నాకర్థమైనంత చెప్తా.

బరువుని బట్టి ఐదు రకాలు. 250 గ్రాముల లోపు నానో. అక్కడ్నుంచి 2 కిలోల దాకా మైక్రో. 25 కిలోల దాకా స్మాల్, 150 దాకా మీడియం, ఆపైన లార్జ్. నానోకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మైక్రో అయినా డబ్బు సంపాదనకి కాకుండా సరదాకో చదువుకో ఎగరేస్తే అక్కర్లేదు. చదువుకి, ప్రయోగానికి, సరదాకి కంటికి కనపడేంత దూరంలోనే ఎగరేసే 25 కిలోల లోపు వాటిని మోడల్ విమానాలు అంటారు, వాటికి టైప్ సర్టిఫికెట్ కూడా అడగరు. ఆకాశాన్ని మూడు రంగులు చేసినారు. రెడ్ జోన్లో కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు. ఎల్లో జోన్లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. గ్రీన్ జోన్లో 400 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదు. ఏది ఏ జోనో డిజిటల్ స్కై మ్యాప్ లో చూసుకోవచ్చు. తప్పు చేస్తే జరిమానా లక్ష రూపాయల దాకా.

హాస్టల్ పక్కన కిరాణా అంగడి తక్కెడలో మా విమానం పెట్టి తూచినాం. 640 గ్రాములు. అంటే మైక్రో, సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ రిజిస్టర్ చేసి గుర్తింపు నంబర్ తీసుకోవాలి, మేం తీసుకోలేదు. ఎగరేసే ముందు మ్యాప్ కూడా చూడలేదు. ఆ తప్పు మాదే, ఒప్పుకుంటా. కానీ ఆయన మమ్మల్ని నంబర్ అడగలేదు, తండా పేరు అడిగినాడు.

ఇంతవరకు నా కోపం. ఇంకో సంగతి కూడా చెప్పాలి.

అదే సెలవుల్లో పక్క ఊర్లో పెళ్లి. వీడియో తీసేవాళ్ళ డ్రోన్ మా తండా మీదికి కూడా వచ్చి చాలాసేపు తిరిగింది. మా ఇళ్ళల్లో స్నానాల చోటుకి నాలుగు తడికలే ఉంటాయి, పైకప్పు ఉండదు. మా యాడి, అంటే అమ్మ, తడి చీర చుట్టుకొని బయటికి ఉరికి వచ్చింది. "అది నన్ను చూసిందా నాయనా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నాకు అర్థమయింది, రూల్ అనేది మన మీద పడే కట్టె మాత్రమే కాదు, మనకి కప్పు కూడా కావాల. స్నానం చేసే ఆడమనిషిని చాటుగా చూసినా, ఫోటో వీడియో తీసినా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ళ జైలు. ఇది మన అక్కచెల్లెళ్ళకి తెలియాలి.

2025 సెప్టెంబర్ లో కేంద్రం కొత్త డ్రోన్ బిల్లు ముసాయిదా బయటపెట్టి అభిప్రాయాలు అడిగింది. జైలు శిక్షలు, పోలీసులు డ్రోన్ ని స్వాధీనం చేసుకునే అధికారం అందులో రాసినారు. భద్రత కోసం కట్టడి ఉండాల్సిందే, నేను కాదనను. కానీ అధికారం పెరిగే కొద్దీ, ముందుగా ఎవరిని ఆపుతారో మనకి తెలుసు. సిటీ పిల్లోడి చేతిలో ఉంటే ప్రాజెక్ట్, మన చేతిలో ఉంటే అనుమానం. అందుకే ఏ చట్టం వచ్చినా ఒక్క మాట ఉండాలి: తీసుకున్న వస్తువుకి అక్కడికక్కడే రసీదు, ఏ రూల్ తప్పినామో అందులో రాయాలి. రూల్స్ ఒక పేజీలో తెలుగులో ప్రతి స్టేషన్లో, ప్రతి హాస్టల్లో అంటించాలి.

మనం చేయాల్సింది కూడా ఉంది. తూచకుండా, మ్యాప్ చూడకుండా ఎగరేయొద్దు. నల్లమల పులుల అడవి వైపు సరదాకి అసలొద్దు. బెలుం చూడ్డానికి వచ్చేవాళ్ళు డ్రోన్ తేవచ్చా అని అడుగుతుంటారు. ఆకాశం అనుమతి వేరే, ఆ స్థలం అనుమతి వేరే. ముందు అక్కడ అడగండి. పైనుంచి తీస్తే చేల మధ్య బావుల్లాంటి గుంతలే కనపడతాయి, 3,229 మీటర్ల గుహ అంతా కిందే ఉంది. నడిచే చూడాల. ఏ తండా మీద, గూడెం మీద ఎగరేసినా ముందు ఇంటింటికీ చెప్పండి.

చివరిగా. ఓర్వకల్లులో డ్రోన్ సిటీ అంటున్నారు, మా ఊరికి దూరమేం కాదు. పైలట్ సర్టిఫికెట్ కి 18 ఏళ్ళు నిండి, పది పాసై, గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ తీసుకుంటే చాలు. పాస్‌పోర్ట్ లేకపోయినా 2023 సవరణ తర్వాత ఓటర్ కార్డు, రేషన్ కార్డు లాంటివి సరిపోతాయి. అడ్డం శిక్షణ ఫీజు ఒక్కటే, అది వేలల్లో ఉంది. గిరిజన సంక్షేమ శాఖ కట్టాలని మన గ్రూప్ తరఫున అర్జీ పెడదాం. రాసే పని నాది. సంతకాలు మీవి. ఎవరెవరు వస్తారో కింద చెప్పండి.

రెక్క అతికించినాం. ఈసారి నంబర్ తీసుకొనే ఎగరేస్తాం.

మీ తమ్ముడు,
నంద్యాల హాస్టల్ నుంచి