వాన మనదే, నీరు నిలవడం లేదు

ధారూర్: భూమిపై ఉన్న నీటిలో నూటికి 97 పాళ్లు ఉప్పునీరే. మిగిలిన కొద్దిలోనూ అధిక భాగం మంచుగడ్డ. 2018లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో కుళాయిలు కట్టివేసే పరిస్థితి దాకా వచ్చింది. ఆ కష్టం మనకు దూరమనుకోరాదు.

మనది నదులు పుట్టే చోటు. అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ తూర్పున హైదరాబాదుకు పోతుంది. కాగ్నా తాండూరు మీదుగా వెళ్లి భీమాలో కలుస్తుంది. కనుక ఎగువ నుంచి మనకు వచ్చే నీరు లేదు. మన గుట్టలపై కురిసిందే మన ఆస్తి. కోట్‌పల్లి ప్రాజెక్టు నిండిన ఏడు ఆయకట్టు పండుతుంది. నిండని ఏడు బోర్లే దిక్కు. ఒకరు లోతుకు దింపితే పక్క రైతు బోరు ఎండుతుంది. 2002 నాటి వాల్టా చట్టం బోర్లకు హద్దులు పెట్టింది గాని, చట్టం నీటిని పుట్టించదు.

ప్రపంచంలో వాడే మంచినీటిలో నూటికి 70 పాళ్లు సేద్యానికే పోతోంది. కాబట్టి పొదుపు పొలంలోనే మొదలు కావాలి. కిలో బియ్యం పండాలంటే వేల లీటర్ల నీరు కావాలి. కంది వానకే పండుతుంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే వడ్లకున్న కొనుగోలు భరోసా కందికీ ఉంటేనే రైతు బోరు కింద వరి తగ్గిస్తాడు. ఈ బాధ్యత ప్రభుత్వానిది.

చెరువుకు నీరు తెచ్చే కాలువలను ఆక్రమణ లేకుండా, పూడిక లేకుండా కాపాడుకోవడం మాత్రం ఊరి పని. వానాకాలానికి ముందే గ్రామసభలో దీనిని తేల్చుకోవడం మంచిది.