గోల్డు ప్యాకేజీలో ఏముంటుంది?

ఫొటో స్టూడియోలో అడుగు పెట్టగానే కౌంటరు మీద ఓ లామినేషన్ కార్డు కనిపిస్తుంది. సిల్వర్, గోల్డ్, ప్లాటినం... ఒక్కో పేరు కింద ఒక్కో అంకె. మూడేళ్ల కిందట మా ఇంటిల్లిపాదీ అలాంటి కార్డు ముందే నిలబడి, మధ్యలో ఉంది కదా అని గోల్డుకి సరేనన్నాం. మొత్తం పదకొండు మందిమి. ముందు వరసలో కుర్చీలో మా నాయనమ్మ. గ్రూపు ఫొటో అయిపోయాక, ‘నన్నొక్కదాన్నీ కూర్చోబెట్టి ఒకటి తియ్యి బాబూ’ అని ఆవిడే అడిగి మరీ తీయించుకుంది.

కార్డులో ఉన్నది ‘25 ఎడిటెడ్ ఫొటోలు, ఒక ఫ్రేము’ అని. ఆ పాతిక ఎంచుకునేటప్పుడు పిల్లల ఫొటోల గొడవలో పడి నాయనమ్మ ఫొటో ఎవరికీ గుర్తురాలేదు. ఏడాదిన్నర తర్వాత ఆవిడ పోయినప్పుడు గుర్తొచ్చింది. పెద్దకర్మకి పెద్ద ఫొటో కావాలి కదా! స్టూడియోకి పరిగెత్తాను. ‘ఆర్నెల్లు దాటితే హార్డ్‌డిస్కు ఖాళీ చేసేస్తామండీ. అప్పటివి ఇప్పుడెక్కడుంటాయి?’ అన్నాడాయన. నిజంగా బాధపడుతూనే అన్నాడు. కోపం వచ్చింది కానీ ఏమనాలో తెలియలేదు. ఎన్నాళ్లు దాస్తారని మేం అడగలేదు. ఆయనా చెప్పలేదు. కార్డులో ఆ మాటే లేదు.

చివరికి ఎంపిక కోసం స్టూడియో వాళ్లు వాట్సాప్‌లో పంపిన చిన్న కాపీ మా అత్తయ్య ఫోనులో దొరికింది. పొడవు 1600 పిక్సెళ్లు. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున మంచి ప్రింటు వేయాలంటే అది అయిదు అంగుళాలకు కాస్త ఎక్కువ వస్తుందంతే. మాకు కావాల్సింది 12x18. దానికి పొడవు వైపే 5400 ఉండాలి. సాగదీసి వేయించాం. కళ్లు మసకబారాయి. దండ వేస్తే తెలీదులే అన్నారు ఇంట్లోవాళ్లు. తెలిసింది.

అప్పట్నుంచి ఏ స్టూడియోకి వెళ్లినా ముందు కార్డు చదవడం అలవాటైంది. చదివిన కొద్దీ ఒకటి అర్థమైంది. ఆ కార్డు రాయడం ఎంత కష్టమో, దాని మీద అంకె వేయడం అంతకన్నా కష్టం.

చాలాచోట్ల రేటు కట్టే పద్ధతి ఒకటే. ఎదురు షాపువాడు 2,999 అన్నాడా, మనం 2,499 అందాం. అసలు లెక్క అది కాదు. ఊరికే ఓ ఉదాహరణ చూడండి. చిన్న పట్టణంలో స్టూడియో. అద్దె 15 వేలు, అసిస్టెంటు జీతం 14 వేలు, కరెంటు, ఇంటర్నెట్ కలిపి 4 వేలు, కెమెరా, లెన్సు, లైట్ల అరుగుదల కింద 7 వేలు, యజమాని తన ఇంటికి పట్టుకెళ్లాల్సింది 30 వేలు. నెలకి 70 వేలు, ఏడాదికి 8 లక్షల 40 వేలు. అరుగుదలేమిటి అంటారేమో! షట్టరుకీ ఆయుర్దాయం ఉంటుంది. చాలా మోడళ్లలో అది లక్ష, రెండు లక్షల క్లిక్కుల మధ్యే.

ఇప్పుడు పని సంగతి. శ్రావణం, మాఘం వస్తే అన్నం తినే తీరిక ఉండదు. ఆషాఢం, మూఢం వస్తే ఈగలు తోలుకోవాలి. అందుకే లెక్క నెలకి కాదు, ఏడాదికి కట్టాలి. ఓణీల ఫంక్షన్లు, సీమంతాలు, పసిపిల్లలు, ఫ్యామిలీ ఫొటోలు అన్నీ కలిపి ఏడాదికి 140 షూటింగులు దొరికాయనుకుందాం. ఒక్కోదాని మీద 6 వేలు పడుతుంది. ప్రింట్లు, ఫ్రేముకి ఇంకో 1,200. మొత్తం 7,200. ఇందులో లాభమన్న మాటే లేదు.

మరి 2,499కి ఎలా ఇస్తారు? ఎక్కడో ఒకచోట కోత పడాలి. కాగితం మందం తగ్గుతుంది, ఫ్రేము కర్రది కాకుండా ప్లాస్టిక్‌ది అవుతుంది, ఎడిటింగు పేరుతో అందరి మొహాలకీ ఒకే తెల్లదనం పులుముతారు. కొత్త హార్డ్‌డిస్కు కొనకుండా పాతదే చెరిపి వాడతారు. మా నాయనమ్మ ఫొటో పోయింది ఆ కోతలోనే అని నా అనుమానం. బేరమాడి మరో రెండొందలు తగ్గించుకున్నది మేమే లెండి.

పేర్ల విషయానికొస్తే, గోల్డులో బంగారం లేదు, ప్లాటినంలో ప్లాటినం లేదు. ‘అమ్మా బిడ్డా’, ‘ఇంటిల్లిపాదీ’, ‘మూడు తరాలు’ అని రాస్తే వచ్చినవాళ్లకి తమదేదో తమకే తెలుస్తుంది. కింద నాలుగు ముక్కలు చాలు. ఎందరికి, ఎంతసేపు, ఎన్ని డ్రెస్సులు, ఏ సైజు ప్రింట్లు ఎన్ని, ఎన్నాళ్లకి చేతికొస్తాయి, అదనపు ప్రింటు ఎంత, ఫైళ్లు ఎన్నాళ్లు దాస్తారు. ‘ఎడిటింగు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టకూడదు. రంగులు సరిచేస్తారా, పుట్టుమచ్చలూ ముడతలూ కూడా తీసేస్తారా? ముడతలు ఉండాల్సిందే అనేవాళ్లూ ఉంటారు. జీఎస్టీలో నమోదైన స్టూడియో అయితే 18 శాతం పన్ను కలిపి చెబుతున్నారో, బిల్లులో వేస్తారో అదీ రాయాలి. ఆఖర్న పన్ను కలిపితే వచ్చే తగాదా అంతా ఇంతా కాదు.

వచ్చేవాళ్ల మనసులో ఏ బెరుకు ఉందో కనిపెట్టి దానికి జవాబు చెప్పడం కూడా ప్యాకేజీయే. నిజాం కొలువులో ఫొటోగ్రాఫరుగా పేరుపొందిన రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్లేయ మహిళ చేతికి అప్పగించారు. ఆ రోజుల్లో ఆ ఇళ్లవాళ్లకి కావాల్సిన భరోసా ఫొటో సైజు గురించి కాదు, కెమెరా వెనక ఎవరున్నారన్నది. ఇవాళ పసిబిడ్డని తీసుకొచ్చే తల్లికీ ఇలాంటివే ఉంటాయి. ఏసీ ఎంతలో పెడతారు, పాలివ్వడానికి గది ఉందా, బిడ్డ ఏడిస్తే గంట దాటినా ఆగుతారా? ఇవి రాసిన కార్డు నేనింతవరకూ ఒక్కటే చూశాను.

ఇంకోటి, ఫొటోగ్రాఫర్లు కూడా చాలామంది పట్టించుకోనిది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద హక్కు ఎవరిది? 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే తీయించుకున్నవాళ్లదే. తీసినవాడిది అనుకుంటాం కానీ కాదు. స్టూడియో గోడకి తగిలించుకోవాలన్నా, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవాలన్నా ముందే ఓ వాక్యం రాసి సంతకం తీసుకోవడం మంచిది.

మా గ్రూపు ఫొటో ఇప్పటికీ ఆ స్టూడియో గోడ మీదుంది. నాయనమ్మ కళ్లు అందులో స్పష్టంగా ఉంటాయి. మమ్మల్ని ఎవరూ అడగలేదు. మేమూ తీసెయ్యమనలేదు.