బానెట్ ఎత్తడం నేర్చుకుందాం

రోహిణి ఎండలు తగ్గి మృగశిర కార్తె వచ్చింది. ఏటా ఈ రోజుల్లోనే పొద్దున్నే కార్లు మొరాయిస్తాయి. రెండు నెలలు ఎండలో ఉడికిన బ్యాటరీ తొలకరి పడిన రోజున చేతులెత్తేస్తుంది. బిరుసెక్కిన వైపర్ రబ్బరు అద్దాన్ని తుడవకపోగా గీతలు పెడుతుంది. అరిగిన టైరు తడి రోడ్డు మీద జారుతుంది. ఇవేవీ ఒక్క రాత్రిలో వచ్చిన జబ్బులు కావు. వారాల ముందు నుంచే కారు ఏదో ఒక రూపంలో చెబుతూనే ఉంటుంది, మనం పట్టించుకోం. చివరికి ఆఫీసు వేళకో, పిల్లల పరీక్ష రోజునో, అర్ధరాత్రి హైవే మీదో పట్టించుకోక తప్పని పరిస్థితి వస్తుంది.

కారు నడిపే ప్రతి ఒక్కరూ బానెట్ ఎత్తి చూడటం నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. మెకానిక్ పని మనం చేసెయ్యాలని కాదు. ఇంట్లో చేయాల్సింది రిపేరు కాదు, కనిపెట్టుకుని ఉండటం. ఏది మామూలో, ఏది కాదో తెలిసినవాడికి ఖర్చూ తగ్గుతుంది, ప్రమాదమూ తగ్గుతుంది.

ఇప్పటి కార్లన్నీ కంప్యూటర్లేనని, మన చేతుల్లో ఏమీ లేదని చాలామంది అంటారు. అందులో సగమే నిజం. ఇంజిన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్స్ జోలికి మనం వెళ్లలేం, వెళ్లకూడదు. కానీ టైర్లు, ఇంజిన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్, బ్యాటరీ, వైపర్లు, లైట్లు మాత్రం 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కినప్పుడు ఎంత ముఖ్యమో ఇప్పుడూ అంతే ముఖ్యం. మనల్ని రోడ్డు మీద నిలబెట్టేవి ఎక్కువగా ఇవే. వీటిని చూడటానికి ఆదివారం పొద్దున ఓ పావుగంట చాలు.

టైర్లతో మొదలుపెడదాం. గాలి ఎంత ఉండాలో డ్రైవర్ డోరు తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. మన చిన్న కార్లు చాలావాటికి 30 నుంచి 35 పీఎస్‌ఐ మధ్య ఉంటుంది. టైరు పక్కన అచ్చుపోసిన అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, మనం కొట్టించాల్సింది అది కాదు. బండి కదలక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. కాస్త దూరం నడిచాక వేడికి గాలి మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేయిస్తే చల్లారాక తక్కువైపోతుంది. గాలి తక్కువున్న టైరు తిరిగినంతసేపూ పక్కలు నలిగి లోపల వేడెక్కుతుంది. ఎండాకాలం హైదరాబాద్-విజయవాడ హైవే మీద వంద స్పీడులో టైరు పేలిందంటే ఇది ప్రధానంగా అనుమానించాల్సిన కారణం. ట్రెడ్ గాళ్ల అడుగున చిన్న చిన్న దిమ్మెలుంటాయి. రబ్బరు అరిగి వాటితో సమానమైందంటే 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని, టైరు మార్చాల్సిందేనని అర్థం. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలు కూడా చూడండి. 2321 అని ఉంటే 2021లో ఇరవై మూడో వారం తయారైందని అర్థం. పెద్దగా తిరగని కారుకు ట్రెడ్ నిండుగానే కనిపించినా, ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు పగుళ్లు తేలుతుంది. స్టెప్నీలో గాలి చూడటం మరిచిపోవద్దు. అవసరం పడిన రోజున అదీ నేలకు అంటుకుపోయిన సందర్భాలు కొల్లలు.

తర్వాత ఆయిల్. చదునైన చోట బండి ఆపి, ఇంజిన్ కట్టేసి పది నిమిషాలు ఆగాలి. డిప్‌స్టిక్ బయటికి తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దింపి తీయాలి. ఆయిల్ తడి రెండు గుర్తుల మధ్య ఉండాలి. పై గుర్తు దాటేలా పోయడమూ తప్పే. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే వాడాలి, చిక్కగా ఉన్నదే మంచిదన్న పాత నమ్మకం ఇప్పటి ఇంజిన్లకు పనికిరాదు. పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అప్పుడు ఆయిల్ మార్చమని చాలా కంపెనీలు చెబుతాయి. బండి తిరగలేదు కదా అని రెండేళ్లు అదే ఆయిల్‌తో నెట్టుకొచ్చేవాళ్లు ‘ఏడాది’ అన్న మాటను కూడా లెక్కలోకి తీసుకోవాలి. దగ్గర దగ్గర ప్రయాణాలకే కారు తీసేవాళ్లకు ఈ మాట మరీ వర్తిస్తుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కక ఆయిల్‌లో చేరిన తేమ అందులోనే ఉండిపోతుంది.

కూలెంట్‌ను రిజర్వాయర్ బయటి నుంచే చూడొచ్చు, మూత తీయనక్కర్లేదు. తగ్గితే బోరు నీళ్లు పోసి సరిపెట్టే అలవాటు మనలో ఉంది. బోరు నీటిలోని ఉప్పులు రేడియేటర్ సన్నని గొట్టాల్లో పేరుకుంటాయి. కంపెనీ చెప్పిన కూలెంటో, అది దొరక్కపోతే డిస్టిల్డ్ వాటరో పోయాలి. ఇక్కడ అసలు ప్రశ్న ఏం పొయ్యాలన్నది కాదు, ఎందుకు తగ్గిందన్నది. మూసి ఉన్న వ్యవస్థలో కూలెంట్ ఊరికే తగ్గదు. బ్రేక్ ఆయిల్ కూడా అంతే. అది తగ్గిందంటే ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి. కారణం తేల్చకుండా నింపేసి ఊరుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. పైగా బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే రెండేళ్లకోసారి పూర్తిగా మార్చమంటారు.

కారుతోందేమో చూడటానికి పరికరాలేమీ అక్కర్లేదు. రాత్రి ఇంజిన్ కింద ఓ అట్టముక్క పరవండి. పొద్దున దాని మీద చుక్కలు చూడండి. ఏసీ వేసుకుని వచ్చి ఆపిన బండి కింద పడే రంగులేని నీళ్లు ఏసీవి, కంగారు లేదు. జిడ్డుగా నల్లగానో గోధుమరంగులోనో ఉంటే ఇంజిన్ ఆయిల్. పచ్చగానో గులాబీరంగులోనో ఉండి తియ్యటి వాసన వస్తే కూలెంట్. చక్రం లోపలివైపు తడి కనిపిస్తే బ్రేక్ ఆయిల్ అని అనుమానించి, బండి కదపకుండా మెకానిక్‌ను పిలిపించాలి.

ఇక బ్యాటరీ. మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో మొన్నామధ్య పక్క ఫ్లాట్ ఆయన కారు స్టార్ట్ కాలేదు. తాళం తిప్పితే టక్కుటక్కున శబ్దం, డ్యాష్‌బోర్డు లైట్లు మసకబారడం. బ్యాటరీ పోయిందని నిర్ణయించుకుని కొత్తదానికి ఫోన్ చేయబోతున్నారు. ఒక్కసారి బానెట్ ఎత్తమన్నాను. ప్లస్ టెర్మినల్ చుట్టూ తెలుపూ నీలమూ కలిసిన పొడి పెచ్చుకట్టి ఉంది. క్లాంపు చేత్తో పట్టుకుంటేనే తిరుగుతోంది. చేతులకు గ్లౌజులు వేసుకుని, పది నంబర్ స్పానర్‌తో ముందు నల్ల వైరు, తర్వాత ఎర్ర వైరు విప్పాం. వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్లు పోయగానే బుసబుసా పొంగింది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, కడిగి, గుడ్డతో పొడిగా తుడిచాం. బిగించేటప్పుడు ముందు ఎర్ర వైరు, ఆఖర్న నల్ల వైరు. పైన కాస్త వాజిలిన్ రాశాం. మొదటిసారికే ఇంజిన్ అందుకుంది. పోయింది బ్యాటరీ కాదు, దానికీ కారుకీ మధ్య ఉన్న పట్టు.

అన్నిసార్లూ ఇలా జరగదు. మన ఎండలకు బ్యాటరీ మూడు నాలుగేళ్లకే నిజంగా అయిపోవచ్చు. నిజానిజాలు తేల్చడానికి ఓ మామూలు మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆగి ఉన్న కారులో 12.6 వోల్టుల దగ్గర చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12కు పడిపోతే ఛార్జి దాదాపు లేనట్టే. ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు చాలా కార్లలో 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. అప్పుడు కూడా 12 దగ్గరే ఉంటే తప్పు ఆల్టర్నేటర్‌ది కావచ్చు, దాని బెల్టుది కావచ్చు. ఆ స్థితిలో కొత్త బ్యాటరీ వేసినా రెండు రోజుల్లో మళ్లీ అదే గతి.

డ్యాష్‌బోర్డు దీపాల విషయంలో ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు. ఎరుపు అంటే ఆగమని, పసుపు అంటే త్వరగా చూపించమని. ఎర్రటి ఆయిల్ డబ్బా గుర్తు నడుస్తుండగా వెలిగితే తర్వాతి ఊరు దాకా పోదామనుకోవద్దు. బండి పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపాలి. ఆయిల్ ఒత్తిడి లేకుండా నడిస్తే ఇంజిన్ నిమిషాల్లోనే పాడవుతుంది. టెంపరేచర్ ఎర్రగీత చేరినా అంతే, ఆపి చల్లారనివ్వాలి. వేడి మీద రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకూడదు. ఒత్తిడిలో ఉన్నంతసేపు నూరు డిగ్రీలు దాటినా మరగని ఆ ద్రవం, మూత వదులైన క్షణంలో ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతుంది. పసుపు చెక్ ఇంజిన్ దీపం నిలకడగా వెలిగితే మెల్లగా మెకానిక్ దగ్గరికి వెళ్లొచ్చు. మిణుకుమంటుంటే మాత్రం ఇంజిన్‌లో ఇంధనం సరిగా మండటం లేదని అర్థం. అలాగే లాగిస్తే ఖరీదైన క్యాటలిటిక్ కన్వర్టర్ దెబ్బతింటుంది. స్టీరింగ్ కింది సాకెట్‌లో గుచ్చి ఫోన్‌లో లోపం కోడ్ చదివే చిన్న పరికరాలు ఇప్పుడు చవగ్గానే దొరుకుతున్నాయి. ఆ కోడ్ నొప్పి ఎక్కడుందో చెబుతుంది గానీ ఏ పార్టు మార్చాలో చెప్పదు. ఆక్సిజన్ సెన్సర్ కోడ్ వచ్చిందని సెన్సర్ మార్చాక, అసలు తప్పు చీలిన గాలి గొట్టానిదని తేలడం మామూలే.

మెకానిక్ దగ్గర మన మాట తీరు కూడా మారాలి. “ఏదో సౌండ్ వస్తోందన్నా, చూడు” అని తాళం ఇచ్చేసి వస్తే, అతను ఊహ మీద ఆధారపడక తప్పదు. ఆ ఊహకు ఖర్చు మనది. బ్రేక్ వేసినప్పుడే సన్నగా కీచుమంటోందా? ప్యాడ్లు అరిగాయేమో. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలితే టకటకమంటోందా? డ్రైవ్ షాఫ్ట్ జాయింటు చూడాలి. ఎనభై దాటితేనే స్టీరింగ్ వణుకుతోందా? వీల్ బ్యాలెన్సింగ్. బండి ఒక పక్కకు లాగుతోందా? ముందు గాలి సరిచూసి, తర్వాతే అలైన్‌మెంట్. ఎప్పుడు, ఎంత వేగంలో, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా అన్నది చెప్పగలిగితే సగం పని అయినట్టే. ఇలా చెప్పిన మనిషికి మంచి మెకానిక్ మరింత శ్రద్ధగా చేసి పెడతాడు. ఆటోనగర్ షెడ్డుల్లో చిన్నప్పటి నుంచి చేతులు మసి చేసుకుని నేర్చిన పనివాళ్ల నైపుణ్యం అంటే నాకెంతో గౌరవం. మార్చిన పాత పార్టు అడిగి చూడటం, బిల్లు దాచుకోవడం వాళ్ల మీద అనుమానం కాదు, మన బాధ్యత.

ఇంట్లో ముట్టుకోకూడనివీ ఉన్నాయి. బ్రేకులు విప్పడం, ఎయిర్‌బ్యాగ్ వైర్లు, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలోని నారింజరంగు కేబుళ్లు మన పని కాదు. కారుతో పాటు వచ్చిన జాకీ చక్రం మార్చడానికి మాత్రమే. చదునైన నేల మీద హ్యాండ్‌బ్రేక్ వేసి, ఎదుటి చక్రానికి రాయి అడ్డం పెట్టి, నట్లు కాస్త వదులు చేశాకే బండి లేపాలి. జాకీ మీద నిలిచిన కారు కిందికి తల పెట్టకూడదు, చెయ్యి పెట్టకూడదు.

వానలొచ్చాయి గనుక ఇంకో మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలే మునిగాయి, వాటితో పాటే కార్లూ. నీళ్లు తీశాక పాడైందో లేదో చూద్దామని తాళం తిప్పడమే పెద్ద ప్రమాదం. సిలిండర్‌లోకి చేరిన నీటిని పిస్టన్ నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బండి మునిగితే స్టార్ట్ చేయకుండా, వీలైతే బ్యాటరీ నల్ల వైరు విప్పి, ఫొటోలు తీసి, బీమావాళ్లకు చెప్పి లాగించుకుపోవాలి. తాళం తిప్పడం వల్ల జరిగిన నష్టానికి మామూలు పాలసీలో పరిహారం రాకపోవచ్చు. ఇంజిన్ ప్రొటెక్షన్ ఉందో లేదో వరద రాకముందే చూసుకోండి.

ఈ చదువు డ్రైవింగ్ స్కూల్లోనే మొదలవ్వాలి. క్లచ్చు, గేరు, రివర్సు నేర్పే చోటే ఒక్క రోజు బానెట్ ఎత్తి చూపించాలి, శిష్యుల చేతే ఓ చక్రం మార్పించాలి. లైసెన్సు పరీక్షలో డిప్‌స్టిక్ ఎక్కడుందో చూపించమని అడగాలి. ఇంట్లో కూడా కారు నడిపే ఆడపిల్లకు, కొడుక్కి, కోడలికి సమానంగా నేర్పాలి. రాత్రి ఒంటరిగా ఆగిపోయినవాళ్లకు ఈ తెలివిడి ఒక రక్షణ.

ఇదంతా డబ్బు ఆదా కోసమే అయితే ఇంత గట్టిగా చెప్పేవాణ్ని కాదు. బ్రేక్ లైటు వెలగని కారు వెనక బైకు మీద వచ్చేవాడి ప్రాణానికి ముప్పు. అరిగిన టైరు జారితే పోయేది ఎదురుగా వస్తున్న ఆటోలోని వాళ్లు కూడా. రోడ్డు అందరిదీ అయినప్పుడు కారు బాగోగులు మన సొంత విషయం మాత్రమే కావు. ఈ ఆదివారం డ్యాష్‌బోర్డు అరలోంచి మాన్యువల్ తీయండి, ఇంట్లో ఒకరిని బ్రేక్ తొక్కమని వెనక లైట్లు చూడండి, నాలుగు టైర్లూ స్టెప్నీతో సహా కొలవండి. ఏదైనా తేడా కనిపిస్తే సోమవారం దాకా బండి తీయకండి, పొద్దున్నే మెకానిక్‌ను పిలిపించండి.