ఎనిమిదిన్నర వేల ఫోనూ, నా నాలుగేళ్ళ లెక్కా

పోయిన నెలలో ఒక పొద్దున్న గ్యాస్ అబ్బాయి సిలిండర్ గుమ్మంలో దించి "ఓటీపీ చెప్పండి మేడమ్" అన్నాడు. పొయ్యి మీద పోపు మాడుతోంది. ఫోన్ తీశాను. మెసేజ్ లేదు. మళ్ళీ పంపించాడు. రాలేదు. పైన ఒక హెచ్చరిక మాత్రం ఉంది, స్టోరేజ్ నిండిపోయింది, కొత్త మెసేజ్‌లు రావు అని. ఆ అబ్బాయికి వీధిలో ఇంకా పది ఇళ్ళున్నాయి. గుమ్మంలో నిలబడే గబగబా ఫొటోలూ వీడియోలూ కొట్టేశాను. ఏం కొట్టేస్తున్నానో చూసే తీరిక లేదు. మూడోసారికి ఓటీపీ వచ్చింది, సిలిండర్ లోపలికి వచ్చింది. నా చేతులు మాత్రం కాసేపు వణికాయి. ఎందుకో తర్వాత చెబుతాను.

మా వారు పేపర్ మడుస్తూ "ఆ డొక్కు ఫోన్ ఇంకా ఎన్నాళ్ళు? ఎనిమిది వేలల్లో బోలెడు వస్తున్నాయి, ఇంకోటి తీసుకో" అన్నారు. ఆయన మాటలో చెడు లేదు. కానీ ఆ "ఎనిమిది వేలల్లో" అన్నచోట నేను ఆగిపోయాను. ఈ ఫోన్ కూడా అలా కొన్నదే. దీంతో నాలుగేళ్ళు కాపురం చేశాను. దీని మంచీ చెడూ నాకు తెలిసినంతగా కొట్లో అబ్బాయికి తెలీదు, వారం రోజులు వాడి వీడియోలు చేసేవాళ్ళకీ తెలీదు. అందుకని ఇంకోటి కొనేలోగా దీని లెక్క తేల్చాలనిపించింది.

ఇది 2021 జూన్‌లో కొన్నాను. కరోనా రెండో దెబ్బ అప్పుడప్పుడే తగ్గుతోంది. బళ్ళు తెరవలేదు, పాఠాలన్నీ ఫోన్లోనే. మా ఇంట్లో ఫోన్ల వరస చాలా ఇళ్ళలో ఉన్నట్టే ఉండేది. కొత్తది ఆయనకి, ఆయన వాడి వదిలేసింది నాకు, నేను వదిలేసింది అత్తయ్యగారికి. బాబు పాఠాలకి పొద్దున్న తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా నా ఫోన్ పోయేసరికి నాకు చేయి విరిగినట్టయింది. చీటీ డబ్బులు చేతికొచ్చి ఉన్నాయి. రాజమండ్రి మెయిన్ రోడ్డుకి వెళ్ళి 8,499 రూపాయలు పెట్టి కొనుక్కున్నాను. పెళ్ళయిన పదమూడేళ్ళలో నా చేతికి డబ్బా విప్పకుండా వచ్చిన మొదటి ఫోన్ అది. 3 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజ్, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ. అప్పటికి ఆ అంకెలకి అర్థం ఏమిటో నాకు తెలీదు. డబ్బా మీద ఉన్నవన్నీ పెళ్ళిళ్ళ పేరయ్య మాటల్లా బాగానే ఉన్నాయి.

ముందు మంచి చెప్పాలి, లేకపోతే పాపం.

బ్యాటరీకి దండం పెట్టచ్చు. మొదటి రెండేళ్ళూ పొద్దున్న అయిదింటికి ఛార్జింగ్ తీస్తే రాత్రి పది దాకా మళ్ళీ ప్లగ్గు ముఖం చూడలేదు. కరెంటు పోయినా కంగారు లేదు. రెండు సిమ్‌లకీ, మెమరీ కార్డుకీ మూడు చోట్లూ విడివిడిగా ఉన్నాయి. నూటయాభై రూపాయల ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవడానికి కన్నం ఉంది. స్పీకర్ గట్టిగా మోగుతుంది, అత్తయ్యగారు వంటింట్లో పెట్టిన పాట పెరట్లోకి వినిపిస్తుంది.

అన్నింటికంటే మంచి గుణం, దానికి భయపడక్కర్లేదు. నా ఫోన్ వంటింటి గట్టు మీద నుంచి పడింది, బట్టలుతికే బండ మీద పడింది, ఒకసారి పప్పు డబ్బాలో రెండు గంటలు ఉండిపోయింది. వెనక ప్లాస్టిక్, మీద పౌచ్. పగిలిందల్లా వంద రూపాయల టెంపర్డ్ గ్లాసే. పసుపు చేత్తో ఎత్తినా, పిండి చేత్తో ఎత్తినా మాట్లాడింది. పాతిక వేల ఫోన్ ఆయన టవల్‌తో తుడిచి టేబుల్ మధ్యలో పెడతారు. దాన్ని పట్టుకుని ఎవరైనా ఆవకాయ కలపగలరా?

ఇంకొకటి. ఖరీదైన ఫోన్ నుంచి వెళ్ళిన వందా, నా ఫోన్ నుంచి వెళ్ళిన వందా కూరగాయలమ్మికి ఒకటే. ఫోన్‌లో డబ్బు కట్టడం, బాబు పాఠం వినడం, అమ్మతో మాట్లాడటం, ఈ మూడూ ఎనిమిదిన్నర వేలకి దొరికాయి. అది చిన్న విషయం కాదు.

ఇక చెడు. అది కొన్న రోజున కనపడదు. మొదటి ఏడు కొత్త కోడలిలాగే ఉంటుంది. ఏడాదిన్నర దాటాక మొదలవుతుంది ముసళ్ళ పండగ.

మొదటిది చోటు. 32 జీబీ అన్నారా, అందులో మూడో వంతు పైన ఫోన్ తన సరంజామాకే ఉంచుకుంది. మిగిలిన దాంట్లో వాట్సాప్, బ్యాంకు, గ్యాస్, బడి యాప్, బాబు పాఠాలు. మెమరీ కార్డు ఉంది కదా అంటారు. ఫొటోలు కార్డులోకి వెళ్తాయి గానీ యాప్‌లూ, వాట్సాప్ సామానూ ఫోన్‌లోనే కూర్చుంటాయి. బడి గ్రూపులో రోజూ వచ్చే ఫొటోలూ, బంధువుల గుడ్ మార్నింగ్ పువ్వులూ తోడయ్యాక ఇంట్లో ఎలుకలు చేరినట్టు ఎక్కడ నిండిందో తెలీకుండా నిండిపోయింది.

రెండోది నిదానం. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ర్యామ్ తక్కువ, లోపలి స్టోరేజ్ కూడా నెమ్మది రకం. యాప్‌లేమో ఏటేటా లావెక్కుతాయి. మూడో ఏటికి కిరాణా కొట్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దున్నపోతు మీద వాన కురిసినట్టే. వెనకాల నలుగురు నిలబడి ఉంటారు. "ఫోన్ స్ట్రక్ అయిందా అమ్మా?" అని కొట్టాయన నవ్వుతాడు. ఆయన పాత ఖాతాదారు కాబట్టి నవ్వుతాడు, కొత్తచోట అయితే సంచీ వదిలి రావాలి.

మూడోది కెమెరా. వెనక మూడు కళ్ళు ఉన్నాయి గానీ పని చేసేది ఒకటే, మిగతా రెండూ బొట్టు బిళ్ళల్లాంటివి. ఎండలో బాగానే తీస్తుంది. సాయంత్రం దీపాల వెలుగులో తీస్తే మనుషులెవరో పోల్చుకోవాలి.

నాలుగోది మనం పట్టించుకోనిది, నా ఉద్దేశంలో అన్నింటికంటే పెద్దది. ఫోన్ తాళం గట్టిగా ఉండాలంటే కంపెనీ ఎప్పటికప్పుడు సెక్యూరిటీ అప్‌డేట్‌లు పంపాలి. ఖరీదైన ఫోన్లకి ఏళ్ళ తరబడి పంపుతారు. నా ఫోన్‌కి రెండేళ్ళకే ఆగిపోయాయి. ఫోన్ మాత్రం ఎంచక్కా నడుస్తూనే ఉంటుంది, కాబట్టి మనకి తెలీదు. ఇంటి ఖర్చుల డబ్బు, మావయ్యగారి పెన్షన్ మెసేజ్‌లు, ఆధార్ ఓటీపీలు, అన్నీ వచ్చేది ఈ ఫోన్‌కే. అంటే ఇంట్లో బీరువా తాళాలన్నీ తలుపు సరిగ్గా పడని గదిలో పెట్టినట్టు.

ఇప్పుడు చేతులు ఎందుకు వణికాయో చెబుతాను.

మా అమ్మది కోనసీమలో ఒక పల్లె. ఆవిడకి ఫోన్లో రాయడం రాదు, వాట్సాప్‌లో గొంతు పంపడం మాత్రం మా చెల్లి నేర్పింది. ఇక చూస్కోండి. "ఒసేయ్, ములక్కాడలు కాశాయి, బస్సులో పంపనా" అని ఒకటి. "నిన్న కలలో కనపడ్డావు, ఒంట్లో బాగుందా" అని ఒకటి. ఒక్కోసారి ఏమీ చెప్పకుండా నిమిషంసేపు కోళ్ళని అదిలిస్తున్న గొంతు, నొక్కింది వదలడం మర్చిపోయి. 2024 ఎండాకాలంలో బాబు బడి ఫారం పంపాల్సిన రోజు ఫోన్ నిండిపోయి కదలనంది. పెద్ద పెద్ద చాట్‌లు ఏవో చూపించి ఖాళీ చేయమంది. అమ్మది పైనే ఉంది. అమ్మ ఎలాగూ రేపు మళ్ళీ పంపుతుందిగా అనుకున్నాను. నొక్కేశాను.

ఆ దీపావళికి నాలుగు రోజుల ముందు అమ్మకి పక్షవాతం వచ్చింది. ఇప్పుడు నయమే, కర్ర పట్టుకుని నడుస్తుంది, నన్ను చూసి నవ్వుతుంది. మాట మాత్రం తిరిగి రాలేదు.

ఆసుపత్రి వరండాలో కూర్చుని ఆ గొంతుల కోసం వెతికాను. లేవు. బ్యాకప్ ఉంటుందన్నారు. గూగుల్ ఉచితంగా ఇచ్చే చోటు 15 జీబీ. 2024 నుంచి వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోనే లెక్క. నాది ఫొటోలతో నిండి చాలా నెలలై ఉంది. "చోటు లేదు" అని ఫోన్ చెబుతూనే ఉంది, నేను "తర్వాత" అని నొక్కుతూనే ఉన్నాను.

తప్పు ఫోన్‌దేనా? పూర్తిగా కాదు, నా అశ్రద్ధ సగం. కానీ ఒకటి ఆలోచించండి. వారానికోసారి కూర్చుని ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని ఏరుకోవలసిన అవసరం మా వారికి ఎప్పుడూ రాలేదు. ఆయన ఫోన్లో 256 జీబీ ఉంది, సగం ఖాళీ. చౌక ఫోన్‌లో మిగిలిన డబ్బు ఊరికే మిగలదు, వాడే మనిషి తీరికలోంచి కొద్దికొద్దిగా కోసుకుంటుంది. ఆ మనిషికి తీరిక లేనిరోజున ఇలాంటిదేదో పోతుంది.

అందుకే గ్యాస్ అబ్బాయి వెళ్ళాక ఒక పని చేశాను. క్యాలెండర్ వెనక, ఒక రోజులో నా ఫోన్ చేసే పనులన్నీ రాశాను. పాలకి డబ్బులు, బడి గ్రూపులో రేపటి హోంవర్కు, అత్తయ్యగారి షుగర్ మందుల చీటీ ఫొటో తీసి మందుల కొట్టుకి పంపడం, కరెంటు బిల్లు, ట్యూషన్ ఫీజు, నీళ్ళ ట్యాంకర్ గ్రూపు, మావయ్యగారి బ్యాంకు మెసేజ్ చదివి వినిపించడం, అమ్మకి వీడియో కాల్. పదిహేడు తేలాయి. దాన్ని ఆయన కాఫీ పక్కన పెట్టాను. గొడవ ఏమీ కాలేదు. చదివి, తన ఫోన్ వైపు ఒకసారి చూసుకుని, "నాది ఫోన్ కాల్సూ, క్రికెట్టూను" అన్నారు. అంతే.

నా అభిప్రాయం ఇది. తక్కువ ధర ఫోన్ కొనడం చిన్నతనం కాదు. "ఇంట్లో ఉండేదానికి అది చాల్లే" అనుకుని కొనడమే తప్పు. ఆ మాట వాళ్ళ కంటే ముందు మనమే అనేసుకుంటాం. ఎవరు సంపాదిస్తున్నారు అని కాకుండా ఏ ఫోన్ మీద ఎంత పని ఉంది అని చూసి ధర తేల్చాలి. మన ఖరీదు సర్కారుకి తెలియకపోలేదు లెండి, పది వేల ఫోన్‌కీ లక్ష రూపాయల ఫోన్‌కీ జీఎస్టీ 18 శాతం ఒకటే!

ఈసారి కొట్లో నేను అడిగినవి చెబుతాను, ఎవరికైనా పనికొస్తాయి. స్టోరేజ్ 128 జీబీకి తగ్గద్దు అన్నాను. డబ్బా మీద 8 జీబీ ర్యామ్ అని ఉంటే పక్కన చిన్న అక్షరాలు చదివాను. నాలుగు కలిపి నాలుగు అని ఉంది. ఆ రెండో నాలుగు స్టోరేజ్‌లోంచి అరువు తెచ్చుకున్నది, అసలు ర్యామ్ వేగం దానికి రాదు. 50 మెగాపిక్సెల్ అన్న అంకె పక్కన పెట్టి, కొట్లో మూలకి వెళ్ళి, వెలుతురు తక్కువ ఉన్నచోట ఒక ఫొటో తీసి చూశాను. సెక్యూరిటీ అప్‌డేట్‌లు ఎన్నేళ్ళు అని అడిగితే ఆ అబ్బాయి తెల్లబోయాడు. పోన్లే అని ఊరుకోలేదు, కంపెనీ సైట్‌లో చూపించమన్నాను. సర్వీస్ సెంటర్ మా ఊళ్ళో ఉందో లేదో కనుక్కున్నాను. మొత్తం పదకొండు వేల లోపే తేలింది. అదీ తక్కువ ధర ఫోనే. రెండున్నర వేల లోపు తేడా దగ్గర ఇన్నాళ్ళూ నేను పడ్డ పాట్లు తలుచుకుంటే నవ్వొచ్చింది.

ఇంటికి రాగానే స్టార్, హ్యాష్, సున్నా ఆరు, హ్యాష్ నొక్కి వచ్చిన 15 అంకెల ఐఎమ్ఈఐ నంబరు డైరీలో రాసుకున్నాను. ఫోన్ పోతే సంచార్ సాథీలో బ్లాక్ చేయించడానికి అది కావాలి. దాని కింద 1930 అని కూడా రాశాను. డబ్బు మోసం జరిగితే వెంటనే చేయాల్సిన నంబరు అది. వాట్సాప్‌లో ఫొటోలు వాటంతటవే దిగిపోవడం ఆపేశాను. పాత ఫోన్లోంచి బ్యాంకు యాప్‌లన్నీ తీసేసి, సిమ్ తీసేసి, దేవుడి గదిలో పాటలకి పెట్టాను. అత్తయ్యగారు సంతోషించారు. దాని స్పీకర్ ఇప్పటికీ గట్టిదే.

మా చెల్లి ఫోన్లో అమ్మ గొంతు ఒక్కటి మిగిలింది. నలభై సెకన్లు. మామిడికాయ ముక్కలకి ఉప్పెంత, కారమెంత అని చెల్లికి చెబుతూ మధ్యలో నన్ను తిడుతుంది, "అది ఎప్పుడూ ఉప్పు తక్కువేస్తుందే" అని. కొత్త ఫోన్లో మొట్టమొదట ఎక్కించుకున్నది అదే. బాబు కంప్యూటర్‌లో ఒకటి, పెన్ డ్రైవ్‌లో ఒకటి దాచాను.

మీ ఫోన్ ఎంతదో నేను అడగను. రోజుకి ఎన్ని పనులు చేస్తోందో ఒకసారి క్యాలెండర్ వెనక రాసి చూడండి. నాకు పదిహేడు తేలాయి. మీకెన్ని తేలతాయో?