ఒక తొట్టిలో ఎవరెవరు ఉండగలరు?

పిల్లలూ, మన వరంగల్లు చుట్టుపట్ల చెరువులలో చేపపిల్లలను వదలటం మీరెప్పుడైనా చూశారా? సాధారణంగా ఒకే జాతి పిల్లలను తెచ్చి వదలరు. బొచ్చె, రోహు, మృగాల అనే మూడు జాతులను కలిపి వదులుతారు. ఎందుకో తెలుసా? బొచ్చె నీటి పైభాగాన తిరుగుతూ అక్కడ తేలే సూక్ష్మజీవులను తింటుంది. రోహు నడిమి నీటిలో మేస్తుంది. మృగాల అడుగున బురదలో కుళ్లిన ఆకూ అలమూ ఏరుకుని తింటుంది. చెరువు ఒకటే అయినా మూడింటి వంటిళ్లు వేరు. అందుచేత ఒకదాని కూడు మరొకటి లాక్కోదు. అదే చెరువులో కొర్రమట్టలు చేరితే మాత్రం కథ మారుతుంది. కొర్రమట్ట తిండి చిన్న చేపలే గదా!

ఈ సంగతి ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, హనుమకొండ నుంచి ఎనిమిదో తరగతి విద్యార్థి ఒకడు ఈ పేజీకి ఉత్తరం రాశాడు. "సార్, మా నాన్నగారు నూరు లీటర్ల గాజు తొట్టి కొనిపెడతామన్నారు. అందులో సముద్రపు పగడాల మధ్య తిరిగే చేపలను పెంచాలని ఉన్నది. రెండు క్లౌన్ చేపలు, ఒక నీలి టాంగ్, ఒక సింహచేప, నాలుగు డామ్సెల్ చేపలు వేయవచ్చునా?" అని అడిగాడు.

ఈ జాబితా రంగులు చూసి రాసినది. మనం వంటిళ్లు చూసి పరీక్షిద్దాం. ప్రతి చేప గురించీ మూడు ప్రశ్నలు వేయాలి. అది ఏమి తింటుంది? తొట్టిలో ఏ భాగాన ఉంటుంది? ఎంత పెరుగుతుంది?

ముందు సింహచేప. దాని రెక్కలు విసనకర్రల వలె అందంగా ఉంటవి. కాని అది నోటిలో పట్టే ప్రతి చేపనూ మింగుతుంది. మన చెరువులో కొర్రమట్ట ఎటువంటిదో తొట్టిలో ఇది అటువంటిది. పైగా దాని ముళ్లలో విషమున్నది. తొట్టి శుభ్రం చేయబోయిన పిల్లవాడి చేతికి గుచ్చుకుంటే భరించరాని నొప్పి పుడుతుంది. దీనిని కొట్టివేద్దాం.

నీలి టాంగ్ అంగడిలో అగ్గిపెట్టెంత ఉంటుంది. పెరిగితే 30 సెంటీమీటర్లు అవుతుంది. పగడపు దిబ్బల మీద రోజంతా ఈదుతూ తిరిగే చేప అది. నూరు లీటర్ల తొట్టి దానికి జైలుగది. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' సినిమాలో క్లౌన్ చేప, నీలి టాంగ్ మంచి స్నేహితులే. కాని ఆ స్నేహం సముద్రంలో జరిగింది! దీనినీ కొట్టివేద్దాం.

డామ్సెల్ చేప వేలెడంతే ఉంటుంది, గట్టి ప్రాణం, ధర కూడా తక్కువ. అందుకని చాలామంది మొదట దీనినే కొంటారు. దాని అసలు గుణం తరువాత బయటపడుతుంది. సముద్రంలో అది ఒక రాతి ముక్కను తనదిగా చేసుకుని, దగ్గరకు వచ్చినవారినల్లా తరిమివేస్తుంది. చిన్న తొట్టిలో తొట్టి అంతా తనదే అనుకుంటుంది. నాలుగు డామ్సెల్‌లను వేస్తే కొంతకాలానికి ఒకటి మిగిలినా ఆశ్చర్యం లేదు.

సముద్రంలో మాత్రం దెబ్బలాటలు లేవా అని మీరు అడగవచ్చు. ఉన్నవి. కాని అక్కడ ఓడిన చేప పారిపోతుంది, పది గజాలు పోయి మరొక రాయి వెతుక్కుంటుంది. గాజు తొట్టిలో పారిపోవటానికి చోటు లేదు. గెలిచిన చేప మళ్లీ మళ్లీ తరుముతుంది. ఓడినది మూల నక్కి, తిండి మాని, జబ్బుపడి చస్తుంది.

కాన్రాడ్ లోరెంజ్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు పగడపు చేపలను చాలాకాలం గమనించి, 1963లో వెలువడిన తన గ్రంథంలో ఒక విషయం రాశాడు. గాఢమైన రంగులు గల చేపలు ఇతర జాతుల కంటె తమ జాతి చేపల మీదనే ఎక్కువగా కోపగించుకుంటవట. ఇందులో వింత లేదు. మీ వీధిలో ఒక కిరాణా కొట్టు ఉన్నదనుకోండి. పక్కన మంగలి షాపు పెడితే కొట్టువాడికి బాధ లేదు. ఎదురుగా మరొక కిరాణా కొట్టు పెడితేనే తగువు. చేపలకూ అంతే.

సరే, మరి ఎవరిని పిలుద్దాం?

ఇసుక మీద కాపురముండే చిన్న గోబీ చేప ఒకటి. దానికి తోడు ఒక పిస్టల్ రొయ్య. ఈ రొయ్యకు చూపు బహు తక్కువ, కాని బొరియ తవ్వటంలో ఆరితేరినది. గోబీకి చూపు బాగుంటుంది, కాని తవ్వటం చేతకాదు. రొయ్య ఇల్లు కడుతుంది, గోబీ కాపలా కాస్తుంది. రొయ్య బయటికి వచ్చినప్పుడు తన మీసాన్ని గోబీకి ఆనించి ఉంచుతుంది. ప్రమాదం వస్తే గోబీ తోక కదిలిస్తుంది, ఇద్దరూ బొరియలో దూరుతారు!

నడిమి నీటికి ఒక ఫైర్‌ఫిష్. ముందు సగం తెల్లగా, వెనుక సగం ఎర్రగా ఉంటుంది. మహా పిరికిది. బెదిరితే పైకి దుముకుతుంది. కాబట్టి తొట్టికి వల మూత తప్పనిసరి.

చివరకు రెండు చిన్న క్లౌన్ చేపలు. ఇవి పుట్టుకతో మగవి. జతలో పెద్దది ఆడదిగా మారుతుంది, చిన్నది మగదిగానే ఉండిపోతుంది. ఇక ఆ ఇంట మూడోదానికి చోటు లేదు. జత కుదిరాక ఇవి తమ మూలను గట్టిగా కాపాడుకుంటవి. అందుకే వీటిని ఆఖరున వదలాలి. సాధువులు ముందు, గడుసువారు తరువాత, అదీ క్రమం.

మొత్తం నాలుగు చేపలు, ఒక రొయ్య. నూరు లీటర్లకు ఇంతే చాలు.

వీటిని ఒక్కరోజున వేయరాదు. చేపల మలమూత్రాల వల్లా, మిగిలిన తిండి వల్లా నీటిలో అమ్మోనియా అనే విషం పుడుతుంది. ఒక రకం సూక్ష్మజీవులు దానిని నైట్రైట్‌గా మారుస్తవి. అదీ విషమే. మరొక రకం దానిని నైట్రేట్‌గా మారుస్తవి. దానితో అంత ప్రమాదం లేదు, అప్పుడప్పుడు కొంత నీరు మారిస్తే పోతుంది. ఈ సూక్ష్మజీవులు వృద్ధి కావటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంతవరకు చేపలు లేకుండా చిటికెడు చేపల తిండి మాత్రం వేస్తూ తొట్టిని నడపాలి. ఆపైన ఒక్కొక్క చేపనే, కొన్ని వారాల ఎడంతో వదలాలి.

తల్లిదండ్రులకు కూడా రెండు మాటలు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటవి. అంటే నూరు లీటర్లకు 3.5 కిలోలు. వంటింటి ఉప్పు పనికిరాదు, అందులో మెగ్నీషియం, కాల్షియం వంటివి తగినంత ఉండవు. ఇందుకోసం తయారైన లవణమే వాడాలి. పగడపు చేపలకు 25 నుంచి 27 డిగ్రీల వేడి హితం. మన ఊళ్లో మే నెలలో గాలి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. వేసవిలో నీటిని చల్లగా ఉంచే ఏర్పాటు, కరెంటు పోయినప్పుడు గాలి అందించే ఏర్పాటు చేయలేనివారు ఈ పనికి పూనుకోకపోవటమే మంచిది.

ఇంకొక సంగతి. మన సముద్రాలలోని రాతి పగడాలకు, సముద్రగుర్రాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఇస్తున్నది. వాటిని పట్టటం, అమ్మటం నేరం. తొట్టిలో మనుషులు తయారుచేసిన రాళ్లే పెట్టుకోండి. క్లౌన్ చేపలను మాత్రం తొట్లలోనే గుడ్లు పెట్టించి పెంచవచ్చు. 1947లో ఏర్పడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు మన దేశంలో ఈ పని సాధించారు. కొనేటప్పుడు "ఇవి తొట్టిలో పుట్టినవా, సముద్రంలో పట్టినవా?" అని అడగండి. తొట్టిలో పుట్టినవాటిని కొంటే సముద్రంలో ఒక జత తక్కువ కాదు.

డబ్బు తీసే ముందు ఒక కాగితం మీద మూడు గడులు గీసి, మీకు నచ్చిన ప్రతి చేపకూ మూడు ప్రశ్నల జవాబులు రాయండి. ఒకే రకం జవాబులు రెండు చేపలకు వస్తే, అందులో ఒకదానిని అక్కడే కొట్టివేయండి.

ఈ నెల ప్రశ్న: వేసవిలో తొట్టిలోని ఉప్పునీరు ఆవిరై రెండు లీటర్లు తగ్గింది. దాని బదులు పోయవలసినది ఉప్పునీరా, మంచినీరా? ఎందుచేత? ఆలోచించి రాయండి. జవాబు వచ్చే సంచికలో.