మూర్ఛకు మూలమెక్కడ?

మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళపుచెవులు పెట్టి ఊరుకొనే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. శాస్త్రం బోధించినది ఇది కాదు. అపస్మారమనే ఈ వ్యాధికి చరకసంహిత చికిత్సాస్థానంలో ఒక అధ్యాయమే ఉన్నది. వ్యాధులను ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం అనే మూడింటిచేతా నిర్ణయించాలని విమానస్థానం చెబుతున్నది. ఏ ఒక్కదానినో నమ్ముకోవద్దని దాని సారం.

నేటి మెదడు పరీక్షలలోనూ నాకు ఆ న్యాయమే కనిపిస్తున్నది. జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి మెదడు విద్యుత్తరంగాలను నమోదు చేశాడు. ఆ ఇ.ఇ.జి. సెకనులో వెయ్యోవంతు మార్పునూ పట్టుకొంటుంది. అయితే కపాలాస్థి ఆ విద్యుత్తును చెదరగొట్టడంవల్ల అది పుట్టిన చోటును కచ్చితంగా చూపలేదు. ఎం.ఆర్.ఐ. కొద్ది మిల్లీమీటర్ల మచ్చను సైతం చూపుతుంది. ఆ మచ్చే మూర్ఛకు కారణమా అన్నది మాత్రం చెప్పలేదు. ఒకటి కాలాన్ని, మరొకటి స్థలాన్ని తెలుపుతాయి. రెండింటినీ జోడించి గణించినప్పుడు మూలస్థానానికి చేరువ కాగలం.

మూర్ఛరోగులలో సుమారు మూడోవంతు మందికి మందులు వాడినా మూర్ఛలు పూర్తిగా ఆగవు. తగిన మందులు రెండు సక్రమంగా వాడినా ఫలితం లేకుంటే ఈ పరీక్షలకు వెళ్లవలసిందే. మూలస్థానం తెలిస్తే కొందరికి శస్త్రచికిత్సతో విముక్తి లభించవచ్చు.

బ్రాహ్మీఘృతం శాస్త్రోక్తమే, పథ్యం, నిద్రానియమం అవసరమే. కాని వాటి పేరుచెప్పి ఇంగ్లీషు మందులను హఠాత్తుగా మానరాదు, పరీక్షలను ఏళ్లతరబడి వాయిదా వేయరాదు. ఆయుర్వేదంపై మన అభిమానం బిడ్డ మెదడుకు చేటు కాకూడదు.